మొదటి చల్ది ఏ ఇంటిది?

నిమ్‌పురా, ఖరగ్‌పూర్
చైత్ర బహుళ షష్ఠి

పూజ్యురాలైన అక్కయ్య పాదాలకు తమ్ముడు సూరి శిరసు వంచి నమస్కరించి వ్రాసుకొనేది.

ఇక్కడ మేమందరం కుశలంగానే ఉన్నాము. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావగారి పొడిదగ్గు ఏమైంది? కొత్త కాపురంలో మన పద్మ స్థిరపడిందా? అన్నిటికీ విపులంగా జవాబు రాయి. ఫోనుండగా ఉత్తరమెందుకని నీ కొడుకు రమణ నవ్వుతాడని తెలుసు. ఫోనులో నీతో మాట్లాడితే మీ ఇంట్లో అందరితోనూ మాట్లాడినట్టే అవుతుంది. స్పీకరు పెట్టి నడవలో పెడతారు. ఈ మాటలు నీ ఒక్కదానికి. అద్దాలు పెట్టుకుని నువ్వే చదువుకో. రమణ చేత చదివించకు. ఎందుకో చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది.

మొదలుపెట్టి చించేసి, మళ్లీ మొదలుపెట్టి, లేచి వరండాలోకి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుని రాస్తున్నాను. ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. రైల్వే యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు వచ్చిన కొత్తలో నన్ను ఉలిక్కిపడేలా చేసేది. తర్వాత అలవాటైంది. ఈ వారం నుంచి మళ్లీ ఉలిక్కిపడుతున్నాను.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం సిమెంటు గోడలు పెనంలా కాలుతాయి. సాయంత్రం ఏ మూల నుంచో గాలివాన లేచి ఆరేసిన బట్టల్ని యార్డు దాకా తీసుకుపోతుంది. దాన్ని ఇక్కడివాళ్లు కాల్‌బైశాఖి అంటారు. తిండికి లోటు లేదు. అమ్మాయి శారద మన పద్ధతిలోనే వండుతుంది. అయితే పక్కిళ్ల ఆవనూనె వాసన మన చారులోకి కూడా దిగుతోందేమోనని నాకు అనుమానం. ఎవరైనా ఇటు వస్తుంటే గానుగ నువ్వులనూనె ఒక సీసా, కొత్త పంచాంగం ఒకటి పంపించు. అల్లుడు భాస్కరం వర్క్‌షాపు పనితో అలసిపోయి వస్తాడు, కాని నా పట్ల మర్యాద తప్పడు. మనవరాలు లలిత పద్యాలు చక్కగా అప్పజెబుతోంది. తేటగీతి యతి తప్పితే తనే నాలుక కరుచుకుంటుంది. నా పని నీకు తెలిసిందే: పొద్దున మన పిల్లలకు తెలుగు, సాయంత్రం రామమందిరంలో పురాణ కాలక్షేపం. ఇక్కడ మనవాళ్లు తాతల కాలం నుంచి ఉన్నారు. శ్రీకాకుళం చూడనివాళ్లు కూడా నోరు తెరిస్తే శ్రీకాకుళమే. నన్ను మేస్టారని పిలుస్తారు, పురాణం అయ్యాక కాళ్లకు దండం పెడతారు. ఆ దండాలు నాకు మత్తెక్కించాయని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇక అసలు సంగతి చెబుతాను.

మా సందు చివర ఒంటరిగా ఒక గది ఉంది. అందులో మాయ అనే నేపాలీ స్త్రీ ఉంటుంది. భర్త ఇక్కడి ఇందా బజారులో ఒక దుకాణానికి రాత్రి కాపలా కాస్తాడు. ఆమె యార్డు గేటు దగ్గర బండి మీద మోమోలు అమ్ముతుంది. మోమో అంటే మన కుడుము లాంటిదే, లోపల కాయగూరో మాంసమో పెడతారు. నేను తినను కాబట్టి ఆమెతో నాకు పని లేదు. కాని ఒక సాయంత్రం గాలివానలో చిక్కుకుంటే ఆమె తన బండి టార్పాలిన్ కింద నాకు చోటిచ్చింది. వాన తగ్గేవరకూ నా కండువా తడవకుండా తనే తడిసింది. ఆమెకు సానూ అని ఒక కూతురు. మన లలిత, సానూ ఒకే బడి. మన వరండాలోనే తొక్కుడుబిళ్ల ఆడేవారు.

ఫాల్గుణం చివర్లో సానూకి ఆటలమ్మ వచ్చింది. ఆ వెనకే మన క్వార్టర్ల వరసల్లో పిల్లలకు ఒక్కొక్కరికీ వచ్చింది. పెద్ద జబ్బేం కాదు, ఊపిరి ద్వారా అంటుతుందని, పిల్లల్ని బడికి పంపకుండా ఉంచితే తగ్గిపోతుందని డాక్టరు చెప్పాడు. అందరూ విన్నారు. విని, బయటికొచ్చి, ఇది ఎక్కడి నుంచి వచ్చిందని వెతకడం మొదలుపెట్టారు.

వెతకడానికి వాళ్లకు ఎంతోసేపు పట్టలేదు. కరోనా ఏళ్లలో ఆమెను ‘చీనా’ అని పిలిచి, బండి మీద నీళ్లు కొట్టినవాళ్లు ఉన్నారట. ఆ పేరు ఇన్నాళ్లూ ఎక్కడో మూలన పడి ఉంది. మళ్లీ దులిపి తీశారు. బండి దగ్గరికి వెళ్లేవాళ్లు తగ్గారు. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే మిగతా బిందెలు పక్కకు జరిగేవి.

చిత్రమేమిటంటే, ఈ వ్యాధికి అన్ని భాషల్లోనూ తల్లి పేరే. మనం అమ్మవారంటాము. బెంగాలీలు మాయేర్ దయా అంటారు, అంటే తల్లి దయ అని. హిందీవాళ్లు మాత అంటారు. తమ ఊళ్లో శీతలామాయి అంటారని మాయే నాకు చెప్పింది. రోగాన్ని తల్లి అని పిలవగలిగిన నోళ్లే, అది మోసుకొచ్చిందనుకున్న మనిషిని పేరు పెట్టి పిలవడానికి ఇష్టపడవు.

ఇక్కడ మనవాళ్లు చైత్రంలో అమ్మవారిని సాగనంపుతారు. ఇంటింటి నుంచి చల్దన్నం తెచ్చి ఘటంలో వేసి, వేపాకు కట్టి, డప్పులతో పొలిమేరకు తీసుకెళ్లి దించి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. యార్డు చివర పాత సిగ్నల్ కేబిన్ దగ్గర ఒక రాతిగట్టు మీద దించడం వాడుక. ఈ ఏడాది ఆ దారికి అడ్డంగా కొత్త గోడ లేచింది. ఘటం ఎక్కడ దించాలన్న ప్రశ్న వచ్చింది.

ఒక సాయంత్రం పురాణం ముగిసింది. ఎన్నో రోజుల ఉపవాసం తర్వాత నోటి దాకా వచ్చిన చివరి గుక్క నీటిని, గుమ్మంలోకి వచ్చిన అపరిచితుడికి ఇచ్చేసిన రాజు కథ ఆనాడు చెప్పాను. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. రిటైరైన ఫిట్టరు దాలినాయుడు, మందిరం కమిటీకి పెద్ద, గట్టిగా నిట్టూర్చాడు. హారతి అయింది. వెంటనే అతనే మాట మొదలుపెట్టాడు.

“మేస్టారూ, పాత కేబినుకాడ గట్టుకి దారి పోనాది గదండి. ఈ యేడు గటం ఎక్కడ దించాలో తమరు సెప్పాల.”

“మీరేమనుకుంటున్నారు?” అన్నాను.

“అనుకోడానికేటుందండి? ఎక్కడి నుంచి వచ్చినాదో అక్కడికే సాగనంపాల. సందు సివర దించీసి వచ్చీడమే.”

ఘటం ఎత్తే పైడమ్మ గోడకి చేరగిలబడి వక్క నములుతోంది. ఆమె అత్త కాలం నుంచి ఆ పని వాళ్లదే.

“నేపాలీదాని గుమ్మంలో దించీమంటావేటి, బావా?” అంది.

“నాను పేరెట్టి అన్నానేటి? సందు సివరన్నాను.”

“సందు సివర అది కాకపోతే ఇంకెవులున్నారు, కుక్కలు తప్ప?”

నవ్వులు లేచాయి. వెనక నుంచి ఒక పడుచు, “ఆ మోమోల్లో ఏటి పెడతాదో ఎవులు సూసినార్లే అప్పా!” అంది.

“నువ్వు సూడలేదేటే? వారం వారం ప్లేటు నాకీసి మరీ సూసినావు గదా!” అంది పైడమ్మ. మళ్లీ నవ్వులు.

నవ్వులే కాని, మాట మాత్రం మారలేదు. నీకు చెప్పనక్కరలేదు కదా, సాగనంపిన ఘటం ఎవరి గుమ్మంలో దిగితే వాళ్లు ఆ ఊళ్లో ఉండలేరు. రోగం వాళ్లదని అందరి ముందూ ముద్ర వేసినట్టే. తెల్లవారితే ఆ గది అద్దెకిచ్చినవాడు తాళం వేసుకుపోతాడు. బండి తిరగబడుతుంది. వీళ్లకు కావలసిందల్లా నేను ముహూర్తం చెప్పి, ఆ చోటుకి తలాడించడం.

నాకు కోపం వచ్చింది. అప్పుడు, అక్కయ్యా, నువ్వు గుర్తొచ్చావు.

నాకు అమ్మవారు పోసిన ఏడు. నేను వేపాకుల మీద పడుకుని ఉన్నాను. ఒళ్లంతా మంట. మన వీధికి ఉప్పు మోసుకొచ్చే ఒడియా మనిషి పాకలో ఆ ఏడు ముందుగా వచ్చిందన్నారు. ఘటం నాడు అమ్మ నీ చేతికి ఇత్తడి గిన్నె ఇచ్చి ఆ పాకకు పంపింది. నువ్వు తలుపులోంచి వెళ్తుంటే నేను చూశాను. తిరిగొచ్చేటప్పుడు గిన్నెలో తెల్లగా చల్దన్నం, పైన ఒక ఉల్లిపాయ. మొదటి ముద్ద ఘటంలో వేసి, మిగిలింది అమ్మ మన నోట్లో పెట్టింది. ఆ చల్లదనం ఇప్పటికీ నాలుక మీద ఉంది.

అది తలచుకుని అన్నాను: “ఎక్కడ దించాలో చెప్పేముందు, ఎక్కడి నుంచి ఎత్తాలో చెప్పాలి. మా ఊళ్లో మా తల్లి కాలం నుంచి ఒక నియమం ఉంది. ఆ ఏడు అమ్మవారు ఏ ఇంట మొదట అడుగుపెట్టిందో, ఆ ఇంటి పొయ్యి మీద వండిన చల్ది ఘటంలో మొదట పడాలి. దాన్నే అందరూ ప్రసాదంగా తినాలి. మాయ ఇంటికే ముందు వచ్చిందని మీరు తేల్చారు. మంచిది. గిన్నె పట్టుకుని ఆమె గుమ్మంలోకి అడగడానికి వెళ్లేదెవరు?”

చివరికి దాలినాయుడు, “ఆలింటి కూడు మనం తినడమేటండీ?” అన్నాడు.

“అమ్మవారు తిన్నది కదా. ఆమె కంటే మనం పెద్దవాళ్లమా?”

“ఇది సాత్రంలో ఉందాండీ, మేస్టారూ?”

శాస్త్రంలో లేదు. ఉందని అబద్ధమాడలేను. “మా అక్కయ్య చేతి గిన్నెలో చూశాను” అన్నాను.

పైడమ్మ వక్క ఉమ్మేసి లేచింది. “ఈ పనికి ఆడోలు సెప్పినాదే సాత్రం. అలగైతే అలగే. లేదంటే ఆ ఇంటికి ముందొచ్చినాదని ఇంకోసారి ఎవులూ అనకండి” అంది.

నేను ఇంటికి గెలిచినవాడిలా నడిచి వచ్చాను. సభలో పూర్వపక్షం నోరు మూయించినప్పుడు కలిగే ఉల్లాసం నీకు తెలియదు కాని, ఈ తమ్ముడికి అది పాత బలహీనతే. వాళ్ల నింద వాళ్లకే కాళ్లకు చుట్టుకుంది. ఒకవేళ చల్ది తిన్నా ఆమె నిలుస్తుంది, తినకపోయినా నిలుస్తుంది. చెప్పులు విప్పుతూ ఇదంతా శారదకు వర్ణించాను.

శారద కంచం పెట్టి, చారు గరిటె చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది.

“నాన్నా, ఆ నియమం నిజమేనా?”

“నిజమే.”

“అయితే చల్ది మనింట్లో వండాలి.”

నాకు అర్థం కాలేదు. అది వంటింటి గుమ్మంలో కూర్చుని చెప్పింది. మీ ఇంట పద్మ పెళ్లి నుంచి తిరిగొచ్చాక, ఫాల్గుణం మొదట్లో, లలిత ఒంటి మీద పొక్కులు వచ్చాయి. చెమట పొక్కులని నాకు చెప్పింది. అందరికీ అదే చెప్పింది.

“నాతో కూడానా?” అన్నాను.

“మీరు అబద్ధం చెప్పలేరు గదా నాన్నా. గుమ్మంలో వేపాకు కట్టమంటారు. కట్టినాక ఇంకేటి దాగుతాది? కరోనాలో మీ అల్లుడికి వచ్చినప్పుడు మా గుమ్మానికి అడ్డంగా తాడు కట్టినారు. మీరు అప్పుడు లేరు. పాలామె ప్యాకెట్టు రోడ్డు మీద పెట్టి, కేకేసి, పారిపోయేది. తగ్గినాక కూడా లలితని ఎత్తుకున్నోలు లేరు. మళ్లీ అది పడలేననుకున్నాను.” గరిటె కింద పెట్టి అంది: “పొక్కులు ఎండకముందే సానూ వచ్చి దాని మంచం మీద కూర్చుని ఆడుకుంది. తలుపు మూస్తే అనుమానిస్తారని నేనే రానిచ్చినాను. రెండు వారాలకి దానికి వచ్చినాది.”

అన్నం తినలేకపోయాను. నా కూతురు చేసింది తప్పని గట్టిగా అనాలనుకున్నాను. తన గుమ్మానికి తాడు పడకూడదని అది దాచింది. ఆ దాచినది వెళ్లి సందు చివర తాడైంది.

భాస్కరం మర్నాడు పనికి వెళ్తూ నెమ్మదిగా, “మావయ్యగారూ, ఊరుకోండి. మీ మాటతో ఎలాగూ ఘటం ఆ గుమ్మంలో దిగదు. ఇప్పుడు మనం బయటపడితే ఏటి లాభం? శారద నలుగురిలో తలెత్తుకోవాలి గదా” అన్నాడు. మాట అన్యాయంగా లేదు. రోజంతా ఆ మాటనే అటూ ఇటూ తిప్పాను. ఊరుకుంటే, ముందు మాయ ఇంటికే వచ్చిందన్న మాట ఊరుకోదు. ఎవరో ఒకరు మనసు గట్టి చేసుకుని గిన్నె పట్టుకుని వెళ్తారు. ఆమె అన్నం పెడుతుంది. ఆ అన్నంతో ఆ నింద ప్రతిష్ఠ అవుతుంది. నేను వేసిన ముడే ఆమె మెడకు బిగుస్తుంది.

సాయంత్రం సందు చివరికి నడిచాను. మాయ గదిలో రెండు రేకు పెట్టెలు సర్ది, తాళ్లు కట్టి ఉన్నాయి. నన్ను చూసి లేచింది. ఆమెకు తెలుగు వస్తుంది, తన పద్ధతిలో.

“మేస్టర్‌జీ, మీ మాతా కుండ నా దర్వాజా దగ్గర పెడతారంట, నిజమా?”

“పెట్టరు” అన్నాను.

“ఇప్పుడు నా అన్నం అడుగుతారంట. అది కూడా నిజమా?”

వెనుదిరిగి వచ్చేశాను.

ఘటం నాటి ఉదయం శారద తలంటుకుని, బియ్యం కడిగి, వండిన అన్నం చల్లార్చి పెరుగు కలిపింది. పైన ఉల్లిపాయ పెట్టింది. భాస్కరం చూస్తూ నిలబడి, చొక్కా వేసుకుని తనూ బయల్దేరాడు. లలిత చేయి నేను పట్టుకున్నాను. ముందుగా నేనే మాట్లాడాలని వాక్యాలు కూర్చుకున్నాను. చక్కని వాక్యాలు, అక్కయ్యా. ఒక్కటీ అక్కరకు రాలేదు.

పందిట్లో పైడమ్మ పసుపు పూసిన ఘటం ముందు కూర్చుంది. దాలినాయుడు గిన్నె చేత్తో పట్టుకుని, ఎవరికివ్వాలా అని అటూ ఇటూ చూస్తున్నాడు. శారద నేరుగా వెళ్లి తన గిన్నె ఘటం ముందు పెట్టింది.

“మొదటి చల్ది ఇది. అమ్మోరు ముందు మా లలితకే వచ్చినాది. సానూకి దీని నుంచే.”

డప్పు ఆగింది.

“ఓలమ్మా! సెమట పొక్కులన్నావు గదే!” అని ఎవరో అన్నారు.

“అబద్ధం సెప్పినాను” అంది శారద.

“మేస్టారింటి నుంచా!” అన్నాడు దాలినాయుడు. అంటూ, తెలియకుండానే, నా దగ్గర నుంచి అరడుగు వెనక్కి వేశాడు. ప్రతి సాయంత్రం నా కాళ్లు ముట్టుకునే మనిషి. అతని కళ్లలో ద్వేషం లేదు, భయం కూడా లేదు. కాలు దానంతటదే కదిలింది. ఆ అరడుగు నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఇంతకాలం పురాణాల్లో వెలివేతల గురించి చెప్పాను, సీసపద్యాల్లో వాటి దుఃఖాన్ని రాగం తీసి పాడాను. అది అరడుగంత ఉంటుందని తెలియదు.

మాట్లాడింది పైడమ్మ. “మా అత్త సెప్పేది. ఆలు చిన్నప్పుడు మన కూలీలైన్లలో వాంతులూ విరోచనాలూ వస్తే, ఇదంతా తెలంగీలు తెచ్చినారని బజారు కుళాయి మూసీసినారట. సెరువు నీళ్లు తాగి ఇంకొందరు పోనారట. ఆ తెలంగీలం మనమే. మర్సిపోనారేటి?” అంటూ గిన్నెలో చెయ్యి పెట్టి ఒక ముద్ద ఘటంలో వేసి, ఒక ముద్ద తన నోట్లో వేసుకుంది. నమిలి, “ఉప్పు సాల్లేదే శారదా. ఇన్నాళ్లు దాసినావు, ఉప్పు కూడా దాసినావేటి?” అంది.

ఒకరిద్దరు నవ్వారు. ఒకరిద్దరు చేయి చాచారు. చాలామంది చాచలేదు. దాలినాయుడు చాలాసేపటికి, అమ్మవారి వైపే చూస్తూ, ఒక మెతుకు తీసుకున్నాడు.

అప్పుడు పైడమ్మ మెడ సాచి సందు వైపు చూసింది. మాయ అక్కడ కూతుర్ని పట్టుకుని నిలబడి ఉంది. “ఓ మాయా! రెండో సల్ది నీదే. తెచ్చీ!” అని కేకేసింది.

“నేను ఇవ్వను” అంది మాయ.

పందిరంతా తిరిగి చూసింది.

“నిన్న కుండ నా ఇంటికి పంపుతామన్నారు. ఈరోజు నా అన్నం మీ కుండలోకి కావాలా? నేను ఇవ్వను.” గొంతు పెంచలేదు. కూతుర్ని తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నా నియమంలో అందరికీ చోటుంది కాని, కాదనే హక్కు ఆమెకుందన్న సంగతి నాకు తోచలేదు.

ఘటం సందు చివర దిగలేదు. పైడమ్మ దాన్ని నెత్తికెత్తుకుని, గోడ చుట్టూ తిరిగి, మండుటెండలో రైల్వే స్థలం అంచు పట్టుకుని నడిచి, అవతల వైపు నుంచి పాత కేబిన్ గట్టు చేరింది. దారి ఉండనే ఉంది, కొంచెం దూరం, అంతే. ముందే ఎవరూ ఎందుకు అనలేదని దారి పొడవునా ఒకరినొకరు తిట్టుకున్నారు. డాంబరు చెప్పులకు అంటుకుంటోంది. ఎవరి గుమ్మమూ కాని చోట దించి వచ్చాము.

అది జరిగి వారమైంది. పిల్లలందరికీ తగ్గింది. లలితకు కూడా బుగ్గ మీద ఒక్క మచ్చ తప్ప ఏమీ మిగల్లేదు, దిగులు పడకు. సాయంత్రం పురాణానికి జనం పలచబడ్డారు. దాలినాయుడు వస్తున్నాడు, వెనక వరుసలో కూర్చుంటున్నాడు. శారదతో కుళాయి దగ్గర ఇద్దరు మాట్లాడడం లేదు. పైడమ్మ ఇదివరకటి కంటే ఎక్కువ మాట్లాడుతోంది. శారద రెండుసార్లు మాయ గుమ్మానికి వెళ్లింది. తలుపు తెరవలేదు. బండి మాత్రం గేటు దగ్గరే ఉంది. పెట్టెలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయని, ఉంటుందో వెళ్తుందో ఆమెకే తెలియదని ఆమె భర్త భాస్కరంతో అన్నాడట.

మొన్న నేను బండి ముందు నుంచి వెళ్తుంటే మాయే పిలిచింది.

“మేస్టర్‌జీ. ఆ నియమం నిజమా? మీ గావ్‌లో అలా చేస్తారా?”

నోరు తెరిచాను. నిజమే అనబోయాను. అనలేకపోయాను. ఎందుకంటే, అక్కయ్యా, ఆ రోజు నేను నీ చేతిలో గిన్నె చూశాను. నియమం చూడలేదు. అమ్మ నిన్ను ఆ ఒడియావాడి పాకకు నియమం ప్రకారమే పంపిందా, లేక ఊరంతా వాడి మీద పడుతుంటే చూడలేక ఆ ఒక్క ఏడాదికీ అలా చేసిందా? వేపాకుల మీద పడుకున్న పసివాడికి ఎలా తెలుస్తుంది? తల ఎత్తి అడిగే వయసు నీది, నాది కాదు. “మా అక్కయ్యను అడిగి చెబుతాను” అన్నాను. మాయ “ఠీక్ హై, అడగండి” అని మూత తీసి ఆవిరిలోకి చూస్తూ ఉండిపోయింది. ఆమెకు నేను జవాబు బాకీ ఉన్నాను.

ఇక రమణ చేత చదివించవద్దన్నది ఇందుకు. లలితకు ఇది పద్మ పెళ్లిలోనే వచ్చి ఉండాలని నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. వంటకు వచ్చిన ఒడియావాళ్ల పాపకు ఒంటి మీద ఏవో ఉన్నాయని ఎవరో అనడం శారద విన్నదట. రమణ మంచివాడే, కాని తొందరపాటు మనిషి. ఇది తెలిస్తే ఆ వంటవాళ్ల గుడిసెల ముందు నిలబడతాడు, పదిమందిని వెంట తీసుకెళ్తాడు. వాళ్లను అడగనివ్వకు. వాళ్లకు ఎవరి నుంచి వచ్చిందో వెతకనివ్వకు. ఆ వెతుకులాటలో మొదటి ఇల్లు ఎప్పటికీ దొరకదు. దొరికేది ఎప్పుడూ ఊరి చివరి ఇల్లే.

వైశాఖంలో మన ఊరి ఘటం వస్తుంది. ఇప్పుడు గిన్నె ఎవరికివ్వాలో చెప్పేదానివి నువ్వే. కాబట్టి అడుగుతున్నాను: అమ్మ అది నియమంగా చేసిందా? అయితే అవునని రాయి, ఈ తమ్ముడు సందు చివరికి వెళ్లి ఆ మాట చెప్పి వస్తాడు. కాకపోతే కాదని రాయి, అది కూడా వెళ్లి చెబుతాను. కాదనే అయితే మాత్రం ఒక్కటి చెయ్యి. ఈ ఏడు మన పెళ్లింట్లోనే అమ్మవారు మొదట దిగిందని నలుగురిలో చెప్పి, నీ చేత్తో వండిన చల్ది ముందుగా పెట్టు. అప్పుడది నియమమవుతుంది. వచ్చే ఏడు నేను ఎవరికైనా చెప్పినా అబద్ధం కాదు.

నలుగురూ అరడుగు వెనక్కి వేస్తారు. ముందే చెబుతున్నాను.

బావగారికి నా సాష్టాంగ నమస్కారాలు. పక్కింటి పెద్దమ్మగారిని అడిగానని చెప్పు. రమణకు, కోడలికి, పిల్లలకు ఆశీస్సులు. భాస్కరం, శారద నీకు పాదాభివందనాలు చెప్పమన్నారు. లలిత పక్కనే కూర్చుని, “మామ్మ ఈ కాగితం ముట్టుకుంటే ఆవిడకి అంటుకుంటుందా తాతా?” అని అడుగుతోంది. అంటుకోదని చెప్పాను. నువ్వు కూడా దానికి ఒక ఉత్తరం రాయి, నీ చేత్తో. అందుకుని, అంటుకోదని తనే చూసుకుంటుంది.

నీ ఆశీస్సుల కోసం, నీ జవాబు కోసం వరండాలో తిరుగుతూ,

నీ తమ్ముడు
సూరి